కొప్పులు – కురులు – రసాయనములు

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని మన పెద్దల సామెత. కలిమిని గూర్చి మాటలాడునప్పుడు దీనిని వాడుట పరిపాటి. చేత సొమ్మున్నవారు ఏ పని తలపెట్టినను చెల్లుబాటగునని దాని భావము. అయినను సామెతలో ఉపమానముగా వచ్చిన వస్తువును కూడ ఒకసారి పరికింపవలెను. జుట్టు ఒక సంపద. ఆ సంపద విలువ దాని పొడవులోను నలుపులోను మాత్రమే లేదు. దానితో పెట్టదగిన కొప్పుల వైవిధ్యములో ఉన్నది. ఉదయము అల్లిన జడను రాత్రి విప్పినచో మరునాడు ముడి వేసికొనవచ్చును, ఆ మరునాడు కొప్పు పెట్టుకొనవచ్చును. ఎన్ని విధముల దిద్దినను నీళ్లు పోసికొనగానే జుట్టు తన స్వభావమునకు తాను వచ్చును. సామెత చెప్పిన కలిమి ఇదియే.

ఈ మాటను నేటి తలలకు అన్వయించినచో ఒక ప్రశ్న పుట్టుచున్నది. పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టును, అలల జుట్టును రసాయనములతో సాపు చేయించుకొన్న పిమ్మట పెట్టదగిన కొప్పులు పెరుగునా, తరుగునా? సింహాచలపు కొండల చెంతనున్న పెందుర్తి 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో చేరినది. ఒకప్పుడు పల్లెగా నుండిన ఈ ఊరు నేడు ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు పేరుపడిన నగరములో ఒక భాగము. ఇచటి ప్రధాన రహదారి వెంట బ్యూటీ పార్లర్ల పలకలపై స్ట్రెయిటెనింగు, స్మూతెనింగు, రీబాండింగు, కెరటిను అను మాటలు కనబడును. పెండ్లి కుదిరిన పిల్లయు, కొత్తగా ఉద్యోగములో చేరబోవు పిల్లయు ఆ మెట్లు ఎక్కుచున్నారు. వారి ఎంపికను చూచి నవ్వుటయు, మెచ్చుటయు రెండును సులభములే. చరిత్రను, వెంట్రుక స్వభావమును తెలిసికొని తూచి చూచుట మేలు.

మన తలకట్టుల చరిత్రకు తొలి సాక్ష్యములు రాళ్లు. కృష్ణాతీరమున అమరావతి స్తూపమునకు శాతవాహనుల కాలమున చెక్కిన సున్నపురాతి పలకలు నేడు కొన్ని చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియములోను, కొన్ని లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను ఉన్నవి. ఆ పలకలలోని స్త్రీలను వరుసగా చూచినచో తలలన్నియు ఒక్క తీరున నుండవు. నడుమ పాపట తీసి నుదుట ఆభరణము నిలిపినవారు కొందరు. వెనుకకు దువ్వి మెడపై ముడి వేసినవారు కొందరు. వీపున జడ విడిచినవారు కొందరు. ఒకే సభలో, ఒకే అంతఃపురములో ఇన్ని తీరులు చూపుట శిల్పి కల్పన మాత్రమే కాదు. చూచిన లోకమునే అతడు చెక్కినాడు.

పెందుర్తి వారికి మరింత చేరువనున్న సాక్ష్యము సింహాచలము. నేడు మనము చూచుచున్న ఆలయము 13వ శతాబ్దిలో తూర్పు గంగుల ఏలుబడిలో రూపు దిద్దుకొన్నది. ఆ వంశమువాడే యైన మొదటి నరసింహదేవుడు కోణార్కమున సూర్యాలయమును కట్టించెను. కోణార్కపు మీది అరుగులపై తాళములు, మద్దెలలు వాయించుచు నిలిచిన స్త్రీమూర్తుల పెద్దపెద్ద ముడులు కళింగసీమ కేశాలంకరణమునకు పుస్తకమువంటివి. దక్షిణమునకు పోయినచో విజయనగరపు రాజుల నాటి లేపాక్షి చిత్రములు కలవు. 16వ శతాబ్దికి చెందిన ఆ చిత్రములలోని స్త్రీల చీరల అంచులను చూచి నేటి నేతగాండ్రు నమూనాలు తీసికొనుచున్నారు. ఆ చీరలపైనున్న కొప్పులను కూడ అంత శ్రద్ధతోనే చూడదగును.

రాతికంటె మాట మరింత గట్టి సాక్ష్యము. ఒక జాతి దేనిని ఎంతగా వాడుకొన్నదో తెలియవలెనన్న దానికి ఎన్ని పేర్లున్నవో లెక్కింపవలెను. కొప్పు, సిగ, ముడి, తురుము, కీల్గంటు, క్రొమ్ముడి, జారుముడి, వేలిముడి, ధమ్మిల్లము, వేణి, వాలుజడ, ఒంటిజడ, రెండుజడలు, పూలజడ. ఇవి ఒకదానికొకటి పర్యాయపదములని నిఘంటువు చెప్పవచ్చును, ఆడువారు ఒప్పుకొనరు. పొయ్యి దగ్గర పనికి అడ్డురాకుండ వ్రేలితో చుట్టి బిగించునది వేలిముడి. మెడపై సడలించి వదలునది జారుముడి. పెండ్లిపీటలపై కూర్చుండునది పూలజడ. ప్రతి పేరు వెనుక ఒక పని, ఒక వేళ, ఒక వయస్సు ఉన్నవి. పెందుర్తి నుండి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా కొండలెక్కి అరకు చేరినచో ధింసా ఆడు గిరిజన స్త్రీల కొప్పులు, వానిలో తురిమిన పూలు మరియొక తీరు. దారి కొలది దూరము, కొప్పు తీరు మారిపోవును.

ఇన్ని రూపములకు వాడిన పరికరములు బహు స్వల్పము. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదము. తలంటుటకు కుంకుడుకాయ, సీకాయ. ఆరబెట్టుటకు సాంబ్రాణి పొగ. చిక్కు తీయుటకు దువ్వెన, పేలదువ్వెన. కట్టుటకు నూలు, పూలు. జుట్టు చాలనివారికి సవరము. ఈ సవరమను మాట మన చరిత్రలో ముఖ్యమైనది. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలను ఇంటివారు పారవేయక చూరులోనో గోడసందులోనో దాచి, వీధిలోనికి వచ్చిన వారికిచ్చి సవరము కట్టించుకొనుటయు, సూదులో పిన్నులో గిన్నెలో మారకము పుచ్చుకొనుటయు మొన్నటివరకు ఊరూర ఉండెడిది. జుట్టు పలుచనైన ముసలమ్మయు సవరము చేర్చి నిండు కొప్పు పెట్టగలిగెడిది. 1960 దశాబ్దిలో తెలుగు చలనచిత్రముల నాయికలు పెట్టిన ఎత్తైన కొప్పులు సైతము సవరముల సాయముననే నిలిచినవి.

జడకు మన కళలలో దక్కిన స్థానము మరియొకదానికి దక్కలేదు. సిద్ధేంద్రయోగి పేర వెలసిన కూచిపూడి భామాకలాపములో సత్యభామ జడ ఒక పాత్రవంటిది. తెరపై నుండి జడను ఇవతలికి విడుచుట సభలోని పండితులకు సవాలు. పాండిత్యమున నన్ను గెలువగలవారున్నచో ఈ జడను కోయుడని దాని అర్థము. ఆ వేషము వేసినవారు పురుషులు. 1935లో జన్మించి 2012లో కీర్తిశేషులైన వేదాంతము సత్యనారాయణశర్మగారు స్త్రీవేషమున ప్రసిద్ధులు. సూర్యుడు, చంద్రుడు, రాగిడి, నాగరము, జడకుప్పెలు తొడిగిన ఆ జడలో మనిషి తలపై పెరిగినది ఎంత, సవరమెంత యని ప్రేక్షకుడెవ్వడును అడుగలేదు. వేషము దిగగానే జడయు దిగినది. తల ఎప్పటి తలయే.

ఈ తిరిగి వచ్చు గుణమే సహజకేశముల రహస్యము. దీనికి కారణమును శాస్త్రజ్ఞులు వెంట్రుక లోపల చూచినారు. వెంట్రుక కెరటినను మాంసకృత్తుతో కూడినది. చర్మములో వెంట్రుక మొలచు గుంట నిటారుగా నున్నచో వెంట్రుక సాపుగాను, వంకరగా నున్నచో ఉంగరములు తిరిగియు పెరుగును. సాపు వెంట్రుకను అడ్డముగా కోసి చూచినచో ఇంచుమించు గుండ్రముగాను, ఉంగరాల వెంట్రుక కోలగాను కనబడును. లోపలి కెరటిను పోగులను పట్టియుంచు బంధములు ముఖ్యముగా రెండు తరగతులవి. ఒక తరగతి ఉదజని బంధములు. ఇవి నీటికిని, వేడికిని సడలి, ఆరగానే మరల బిగియును. తడిజుట్టును జడవేసి ఆరిన పిమ్మట విప్పినచో అలలు తేలుట ఇందువలననే. మరల తలంటగానే ఆ అలలు పోవుటయు ఇందువలననే. రెండవ తరగతి గంధకపు బంధములు. ఇవి నిచ్చెనమెట్లవలె పోగులను అడ్డముగా కలిపి పట్టియుంచును. వీనిని నీరు గాని, నూనె గాని, దువ్వెన గాని కదపజాలవు. మన పూర్వుల కొప్పులన్నియు మొదటి తరగతి బంధములతో ఆడిన ఆటలు. రెండవదాని జోలికి వారు పోలేదు.

ఇంత మాత్రముచేత పూర్వకాలమంతయు స్త్రీల తలలకు స్వేచ్ఛాకాలమని అనుకొనరాదు. పూలజడ వేసిన చేతులే, భర్త పోయిన బాలికకు శిరోముండనము చేయించినవి. కొన్ని కులములలో ఆచారము పేర సాగిన ఈ క్రూరకృత్యమునకు ఎదురుగా వితంతు పునర్వివాహమును చేపట్టిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వివాహమును జరిపించిరి. ఆ పెండ్లి ఒక బాలికకు భర్తతోపాటు ఆమె కురులను కూడ ఆమెకు దక్కించినది. పురుషుల విషయములోను గొడవలు లేకపోలేదు. ముందు తల గొరిగించి వెనుక జుట్టు ముడి వేయు పాత పద్ధతి పోయి, ఇంగ్లీషు చదువులతో క్రాపు వచ్చినప్పుడు ఇండ్లలో తండ్రీకొడుకుల మధ్య పెద్ద యుద్ధములే జరిగినవి. తలపై వెంట్రుకలు ఎవరివి, వాని రూపము నిర్ణయించు అధికారమెవరిది అను ప్రశ్న మనకు కొత్త కాదు.

రెండవ తరగతి బంధములపై దండయాత్ర 20వ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో మొదలయ్యెను. కార్ల్ నెస్లర్ అను జర్మను క్షురకుడు లండనులో 1906లో క్షారద్రవమును, కాగిన లోహపు గొట్టములను ఉపయోగించి, సాపు జుట్టునకు శాశ్వతముగా నిలుచు ఉంగరములు తెప్పించి చూపెను. అనగా రసాయనముల తొలి ప్రయత్నము ఉంగరముల కొరకే గాని, సాపు కొరకు కాదు. సాపు జుట్టు గల దేశమువారు ఉంగరములను కోరిరి; ఉంగరముల జుట్టు గలవారు సాపును కోరిరి. లేనిదానిపై మనస్సు పోవుట లోకస్వభావము. 1930 దశాబ్దిలో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు గొడార్డ్, మైకేలిస్ అను శాస్త్రజ్ఞులు థయోగ్లైకాలిక్ ఆమ్లపు లవణములు కెరటిను నందలి గంధకపు బంధములను విడదీయునని 1934లో ప్రకటించిరి. దానితో కాగిన గొట్టములు లేకయే ఉంగరములు తెప్పించు చల్లని పద్ధతికి దారి ఏర్పడినది.

సాపు జుట్టు చరిత్ర అమెరికాలోని నీగ్రోజాతివారని నాడు పిలువబడిన ఆఫ్రికా సంతతి ప్రజల చరిత్రతో ముడిపడియున్నది. బానిసత్వము తొలగినను, వారి బిగువైన ఉంగరాల జుట్టు కొలువులలోను, బడులలోను అగౌరవమునకు గురియైనది. లూసియానాలో 1867లో జన్మించి, చాకిరేవు పనితో జీవితము గడపిన సారా బ్రీడ్‌లవ్, మేడమ్ సి. జె. వాకర్ అను పేర తలనూనెల వ్యాపారము నెలకొల్పి, వేలాది స్త్రీలకు జీవనోపాధి కల్పించి, 1919లో మరణించెను. ఆమె కాలమున ప్రబలిన పద్ధతి నూనె రాచి వేడి దువ్వెనతో దువ్వుట. ఇది ఉదజని బంధముల ఆటయే. వాన తగిలినచో మరల ఉంగరములు తిరిగెడివి. గారెట్ మోర్గన్ అను మరియొక నల్లజాతీయుడు, కుట్టుమిషను సూదులకు పూయుటకు తయారుచేసిన ద్రవము ఉన్ని నూలును సాపుచేయుట గమనించి, దానినుండి జుట్టునకు పూయు ముద్దను కల్పించి 1913లో వ్యాపారము ప్రారంభించెను. ఇండ్లలోను, క్షౌరశాలలలోను కాస్టిక్ సోడా, గ్రుడ్లు, బంగాళాదుంపలు కలిపిన ముద్దను తలకు పట్టించుకొని మంటను ఓర్చుకొన్న తీరును మాల్కమ్ ఎక్స్ తన ఆత్మకథలో వర్ణించినాడు. 1965లో వెలువడిన ఆ గ్రంథములో, ఆనాడు తాను పడిన బాధను ఆత్మగౌరవమును కోల్పోవుటకు తొలిమెట్టుగా ఆయన పేర్కొన్నాడు.

కాస్టిక్ సోడా యనగా సబ్బు వండుటకు వాడునదే. నేటి రిలాక్సరు ముద్దలలోను అదియే ప్రధానము. క్షారము లేదని పలక వేసి అమ్మువానిలో దానికి బదులు సున్నపు జాతి పదార్థము, మరియొక ద్రవము కలియును. క్షారగుణము మాత్రము ఉండనే ఉండును. ఇది గంధకపు బంధములోని రెండు గంధకపు పరమాణువులలో ఒకదానిని తొలగించి, మిగిలినదానితో క్రొత్త బంధము వేయును. ఒకసారి పోయిన పరమాణువు తిరిగి రాదు. మన దేశమున రీబాండింగు పేర ఎక్కువగా జరుగునది థయోగ్లైకాలేటు పద్ధతి. ఇందు బంధములను విడదీసి, వేడి ఇస్త్రీతో వెంట్రుకను సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి ద్రవముతో క్రొత్త స్థానములో బిగింతురు. ఈ రెండు పద్ధతులు ఒకదానిపై ఒకటి పడనివి. ఒకదానితో సాపు చేసిన తలకు రెండవది పట్టించినచో వెంట్రుకలు తునిగి చేతికి వచ్చును.

ఇక రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూతము. ముందుగా సాపు జుట్టు పక్షమున న్యాయముగా చెప్పదగినది చెప్పవలెను. విశాఖ సముద్రతీరపు గాలిలో తేమ మెండు. వేడి ఇస్త్రీతో సాపు చేసిన సహజకేశము వీధిలోనికి వచ్చిన కొలదిసేపటికే తేమకు లొంగి పొంగును. రసాయనముతో సాపు చేసినది చెక్కుచెదరదు. దువ్వుటకు అయిదు నిమిషములు చాలును. తెల్లవారుజామున ఉక్కు కర్మాగారపు బస్సునో కాలేజీ బస్సునో అందుకొనవలసిన పిల్లకు ఇది చిన్న లాభము కాదు. విడిచి వదలిన జుట్టునకు నిగనిగయు ఎక్కువ. బిగువైన ఉంగరాల జుట్టు దువ్వెన తాకిడికే తెగుచుండును; అట్టి తలలు గలవారికి దువ్వుకొనుటలోని బాధయు తగ్గును.

కొప్పు విషయమునకు వచ్చినచో త్రాసు మొగ్గు మారును. జడ నిలుచుటకు పాయకు పాయకు నడుమ కొంత పట్టు కావలెను. అలల జుట్టులో ఆ పట్టు సహజముగా కలదు. సాపు జుట్టు పాయలు పట్టు నూలువలె జారిపోవును. కొన రిబ్బను జారును. మూరెడు మల్లెపూల బరువునకు జడయే సడలును. ముడికి నిండుదనము కావలెను. సాపు చేసిన జుట్టు తలకంటుకొని పలుచబడి కనబడును గనుక చిన్న ముడికి కూడ పిన్నులు, సవరము, జిగురు ద్రవములు వలసివచ్చును. ముంగురుల ముచ్చట అసలే లేదు. ఉంగరములు కావలెనన్న చుట్టలు చుట్టి వేడి చూపవలెను. అవియు పూట గడుచునప్పటికి జారిపోవును.

అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి కలదు. సహజమైన ఉంగరాల జుట్టు ఒక పండుగ పూటకు వేడితో సాపై, మరునాడు తలంటగానే తన యింటికి తాను రాగలదు. సాపు చేసిన జుట్టునకు అట్టి రాకపోకలు లేవు. అది పోయినచోటనే ఉండును. తిరిగి రావలెనన్న మార్గమొక్కటే, క్రొత్త జుట్టు మొలచి పాతది కత్తిరింపబడుట. వెంట్రుక మాసమునకు ఒక సెంటీమీటరు, మరికొంత పెరుగును. నడుము దాటిన జడ కొన ఆరేడేండ్ల క్రితము మొలచినది. ఒక మధ్యాహ్నము పార్లరులో తీసికొన్న నిర్ణయమునుండి వెనుకకు మరలుటకు అన్ని యేండ్లు పట్టునన్నమాట. ఈ లోపల కుదుళ్లలో ఉంగరాల జుట్టు, కొనల సాపు జుట్టు ఒకే వెంట్రుకపై కలిసియుండును. రెండును కలియు చోటనే వెంట్రుక తెగుట ఎక్కువ. దానిని కప్పిపుచ్చుటకు కొన్ని మాసములకొకసారి కుదుళ్లకు మరల ముద్ద పట్టింపవలసివచ్చును. మొదటి ఖర్చు ఒక్కసారిది కాదు, అది ఏటేట చెల్లింపవలసిన శిస్తువంటిది.

ఆరోగ్యపు లెక్క వేరుగా కలదు. క్షారపు ముద్ద తలచర్మమును కాల్చుట పాతకథయే. కెరటిను చికిత్స పేర చేయు కొన్ని పద్ధతులలో ఫార్మాల్డిహైడు కలియును, లేదా వేడికి అది వెలువడును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల పట్టికలో చేర్చినది. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏండ్లు గమనించి 2022లో ఫలితములు ప్రకటించిరి. జుట్టు సాపు చేయు పదార్థములను ఎన్నడును వాడనివారిలో 70 ఏండ్ల వయస్సునకు గర్భాశయపు క్యాన్సరు వచ్చు అవకాశము నూటికి 1.64గాను, తరచుగా వాడినవారిలో 4.05గాను వారు అంచనా కట్టిరి. ఇది సంబంధమును చూపునే గాని కారణమును నిరూపింపదు. ఏ పదార్థము దోషి యనునదియు ఇంకను తేలవలసియున్నది. అయినను జాగ్రత్తకు ఈ అంకెలు చాలును. గ్లయాక్సిలిక్ ఆమ్లము గల సాపు ముద్దల వలన మూత్రపిండములు దెబ్బతిన్నట్లు 2024లో ఫ్రాన్సు వైద్యులు వెల్లడించిరి. మన కుంకుడు రసము ఇట్టి భయములు లేనిది. కంట పడినచో మండుట తప్ప దానిపై పెద్ద ఫిర్యాదు లేదు. కొబ్బరి నూనె వెంట్రుకలోనికి చొచ్చి మాంసకృత్తు నష్టమును తగ్గించునని 2003లో ముంబయి శాస్త్రజ్ఞులు ప్రయోగములతో చూపిరి. మన నానమ్మలకు ఈ ప్రయోగములు తెలియవు. ఫలము మాత్రము తెలియును.

ఈ కథలో తెలుగునేలకు విచిత్రమైన పాత్ర ఒకటి దక్కినది. సింహాచలమున అప్పన్నకు తలనీలాలిచ్చు మొక్కు తరతరములది. తిరుమల కల్యాణకట్టలో ఏటేట లక్షలాది భక్తులు తలనీలాలు సమర్పించుచున్నారు. దేవస్థానము వానిని వేలము వేయగా కోట్ల రూపాయల ఆదాయము వచ్చుచున్నది. ఏలూరు వంటి చోట్ల శుద్ధిచేసిన వెంట్రుకలు సముద్రములు దాటి అమెరికా, ఐరోపా, ఆఫ్రికా ఖండముల స్త్రీల తలలపై సవరములుగా వెలయుచున్నవి. రసాయనము ఎరుగని మన పల్లెటూరి తలనీలాలకు అక్కడ ఎక్కువ వెల. ఎంతటి వ్యాప్తి యనగా, 2004లో జెరూసలేములోని ఒక యూదు మతగురువు, హిందూ దేవాలయమున సమర్పించిన జుట్టుతో చేసిన టోపాలు తమవారు ధరింపరాదని నిర్ణయింపగా, ఆ నగరమునను న్యూయార్కులోని బ్రూక్లినునను స్త్రీలు తమ టోపాలను వీధులలో కాల్చివేసిరి. కొండమీది మొక్కు ఎంత దూరము పోయినదో చూడుడు! ఇచట పెందుర్తి పిల్ల తన అలల జుట్టును సాపు చేయించుకొనుచుండగా, అచట ఎవరో ఆమె యింటి ముసలమ్మ అలల జుట్టును వెలపెట్టి కొని కుట్టించుకొనుచున్నారు.

సాపు జుట్టు కొరకు అందరికంటె ఎక్కువ బాధపడిన ఆ జాతివారే నేడు వెనుకకు మరలుచున్నారు. 1960 దశాబ్ది పౌరహక్కుల పోరాటములో నల్లజాతి యువతీయువకులు తమ జుట్టును ఉన్నదున్నట్లు పెంచి నిలిచిరి. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము, సహజమైన జుట్టును బట్టి, దానితో వేసిన జడలను బట్టి కొలువులలో, బడులలో ఎవరిని తక్కువ చేసి చూడరాదని చట్టము చేసినది. పిమ్మట మరికొన్ని రాష్ట్రములు ఆ దారి పట్టినవి. చట్టము చేయవలసివచ్చినదనగా ఒత్తిడి ఎంత బలమైనదో ఊహింపవచ్చును. మనకట్టి చట్టము అవసరము లేదని ధీమాగా చెప్పుటకు వీలులేదు. పెండ్లిచూపులలో పిల్ల జుట్టు చింపిరిగా నున్నదను మాటయు, కొలువులో నీటుగా రమ్మను మాటయు, ప్రకటనలలో సాపు జుట్టునకే దక్కు చిరునవ్వులును ఒక విధమైన ఆజ్ఞలే. ఆనాటి ఆజ్ఞ జుట్టును తీసివేసినది. ఈనాటి ఆజ్ఞ దానికొక్క రూపమునే మిగుల్చుచున్నది.

కావున సాపు చేయించుకొనుట తప్పని చెప్పుట మన పని కాదు. అది పెరిగిన ఆడపిల్ల తెలిసి చేసికొనదగిన ఎంపిక. తెలిసి అనుటలోనే ఉన్నది విశేషము. ముద్దలో ఏమున్నదో అడిగి తెలిసికొనవలెను. మునుపు వాడిన పద్ధతి ఏదో పార్లరువారికి చెప్పవలెను. తలపై పుండు గాని గీటు గాని ఉన్నప్పుడు వాయిదా వేయవలెను. చిన్నపిల్లల తలలకును, గర్భిణుల తలలకును దీనిని దూరముగా నుంచవలెను. పండుగ పూటకు కావలసినది ఒక్కనాటి సాపే అయినచో వేడి ఇస్త్రీ చాలును. అన్నింటికంటె మించి, తల్లులు పిల్లల ఉంగరాల జుట్టును దువ్వునప్పుడు విసుగుకొని తిట్టుట మానవలెను. తడిగా నున్నప్పుడు నూనె చేర్చి, వెడల్పు పండ్ల దువ్వెనతో కొనలనుండి పైకి చిక్కు తీసినచో ఆ జుట్టు లొంగును. దానితో ఎన్ని కొప్పులు పెట్టవచ్చునో అమ్మమ్మలను అడిగినచో చెప్పుదురు. అడుగవలసిన కాలమును ఇదియే. జారుముడి, కీల్గంటు అను మాటలు నిఘంటువులో మిగులుటకు ఎవరి సాయమును అక్కరలేదు. అవి తలలపై మిగులవలెనన్న మాత్రము వేయుట తెలిసిన చేతులుండగానే నేర్చుకొనవలెను. జుట్టున్నమ్మకు ఏ కొప్పైనను అందమే; ఏ కొప్పైనను పెట్టగల జుట్టును నిలుపుకొనుట ఆమె చేతిలోని పని.